తగ్గింది జనాభా కాదు, రేటు! సోషల్ పట్టికల మీద కొన్ని అపోహలు

పదో తరగతి పేపర్లు దిద్దడానికి కూర్చున్న ప్రతిసారీ ఒకే వాక్యం ఎదురవుతుంది. మా బడి పేపర్లలోనూ అదే, స్పాట్ వాల్యుయేషన్‌లోనూ అదే. "1971 తర్వాత భారతదేశ జనాభా తగ్గుతూ వచ్చింది." చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, కింద స్కేలు పెట్టి గీత కూడా గీస్తారు. జవాబు మాత్రం తప్పు. ఇరవై ఏళ్లుగా సోషల్ చెబుతున్నాను, ఈ వాక్యం మీద ఎన్ని ఎర్ర సిరా పెన్నులు అరిగిపోయాయో లెక్కలేదు. ఈసారి క్లాసులో చెప్పేది ఇక్కడే రాసేస్తే కొందరికైనా పనికొస్తుందని ఈ ప్రయత్నం.

అపోహ: వృద్ధి రేటు తగ్గిందంటే జనాభా తగ్గినట్టే.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు తినేసేది ఇదే. సమాచార నైపుణ్యాల ప్రశ్నలో దశాబ్ద వృద్ధి రేటు, అంటే పదేళ్లలో జనాభా ఎంత శాతం పెరిగిందో చెప్పే పట్టిక ఇస్తారు, లేదా గ్రాఫ్ ఇస్తారు. 1971కి 24.8 శాతం, 1981కి 24.66, 1991కి 23.87, 2001కి 21.54, 2011కి 17.7. గ్రాఫ్ గీస్తే గీత కిందికి దిగుతుంది. కన్ను గీతను చూస్తుంది, చెయ్యి "తగ్గింది" అని రాసేస్తుంది. నిలువు గీత పక్కన ఏం రాసి ఉందో ఎవరూ చదవరు.

ఇప్పుడు అసలు జనాభా చూడండి. 1961లో 43.9 కోట్లు, 1971లో 54.8, 1981లో 68.3, 1991లో 84.6, 2001లో 102.9, 2011లో 121.1 కోట్లు. ఎక్కడ తగ్గింది? ఒక్కసారి కూడా తగ్గలేదు. దేశ జనాభా నిజంగా తగ్గిన దశాబ్దం జనగణన చరిత్రలో ఒక్కటే, 1911-21. 25.2 కోట్ల నుంచి 25.1 కోట్లకు వచ్చింది, వృద్ధి రేటు మైనస్ 0.31. కారణాల్లో పెద్దది 1918 ఇన్‌ఫ్లూయెంజా. ఆ తర్వాత ఏ దశాబ్దంలోనూ తగ్గలేదు, 1921ని విభాజక సంవత్సరం అనేది అందుకే. రేటు ముందు మైనస్ గుర్తు ఉంటేనే జనాభా తగ్గినట్టు. మైనస్ లేదా, పెరిగినట్టే. పెరగడంలో వేగం ఎంతన్నదే తేడా.

ఇదంతా క్లాసులో చెబితే పిల్లలు తలలూపుతారు. తర్వాతి పరీక్షలో మళ్లీ అదే రాస్తారు. రెండు మూడేళ్లు తల బాదుకున్నాక ఒకరోజు వెనక బెంచీ పిల్లవాడిని లేపాను. వాళ్ల ఇంట్లో బోరు కోసం అప్పు చేశారని నాకు తెలుసు. మా దగ్గర మిత్తి అంటే వడ్డీ, నెలకు నూటికి ఇన్ని రూపాయలని లెక్క.

"మీ బాపు లక్ష రూపాయలు రెండు రూపాయల మిత్తికి తెచ్చిండనుకో. నెలకు మిత్తి ఎంత?"

"రెండు వేలు సార్." నోట్‌బుక్ తియ్యలేదు, పెన్ను పట్టలేదు.

"షావుకారు దయదలచి రూపాయిన్నర చేసిండు. మీ బాపు ఒక్క పైసా కట్టలేదు. బాకీ తగ్గుతదా?"

"యాడ తగ్గుతది సార్? పెరుగుతనే ఉంటది. కొంచెం మెల్లగ పెరుగుతది."

"సరే. ఇప్పుడు ఆ జనాభా పట్టిక చూడు."

కాసేపు పట్టికనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అంటే సార్, జనాభా అసలు. వృద్ధి రేటు మిత్తి."

ఇన్నేళ్ల సర్వీసులో నాకు దొరికిన అతి మంచి నిర్వచనం అది. నేను చెప్పింది కాదు, వాడు చెప్పింది.

దీనికి ఇంకో మెలిక ఉంది, అదీ మిత్తి లెక్కతోనే తేలుతుంది. రేటు తక్కువగా ఉన్నప్పుడు చేరిన మనుషులు ఎక్కువ కావచ్చు. 1961-71లో రేటు 24.8 శాతం, చేరినవాళ్లు 10.9 కోట్లు. 2001-11లో రేటు 17.7 శాతమే, చేరినవాళ్లు మాత్రం 18.2 కోట్లు. ఎలా? లక్ష మీద రెండు రూపాయల మిత్తి అయితే నెలకు రెండు వేలు. అసలు మూడు లక్షలైతే? రూపాయిన్నర చొప్పునే నాలుగు వేల అయిదు వందలు. మిత్తి తగ్గినా అసలు పెరిగింది మరి. ఇది అర్థమైన పిల్లలు విశ్లేషణలో "రేటు తగ్గినా పునాది జనాభా పెద్దది కావడం వల్ల అదనంగా చేరినవారి సంఖ్య ఎక్కువ" అని ఒక వాక్యం రాస్తారు. ఆ వాక్యం కనబడితే దిద్దేవాళ్లం పెన్ను పక్కన పెట్టి కాసేపు సంతోషిస్తాం, నిజంగా.

ఇది పదో తరగతితో పోయే జబ్బు కూడా కాదు. మా పక్కింటాయన రిటైర్డ్ ఉద్యోగి, రోజూ పేపర్ చివరి పేజీ దాకా చదువుతాడు. "ద్రవ్యోల్బణం తగ్గిందట సార్, మరి కందిపప్పు ధర తగ్గలేదేం? అంతా అబద్ధాలు" అని నా మీద కోప్పడతాడు. తగ్గింది రేటు సార్, ధర కాదు. ధర ఇంకా పెరుగుతూనే ఉంది, కాస్త నెమ్మదిగా. గ్రూప్స్‌కి చదివే మా పాత విద్యార్థులు ఫోన్ చేసి అడిగే అనుమానాల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. అందుకే ఏ శాతం కనబడినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దేని మీద?

ఆ ప్రశ్న అక్షరాస్యత దగ్గర ఇంకా బాగా పనికొస్తుంది. 2001లో 64.8 శాతం, 2011లో 73 శాతం. "అక్షరాస్యత 8.2 శాతం పెరిగింది" అని రాస్తారు. పెరిగింది 8.2 శాతం పాయింట్లు, అంటే రెండు శాతాల మధ్య తేడా. శాతంలో చెప్పాలంటే పాత విలువ మీద లెక్క కట్టాలి, అప్పుడు పన్నెండున్నర శాతానికి పైగా వస్తుంది. ఇంకో సంగతి, ఆ 73 మొత్తం జనాభా మీద కాదు, ఏడేళ్లు ఆ పైన వయసున్నవాళ్ల మీద. చంటిపిల్లలను నిరక్షరాస్యుల్లో కలిపి లెక్కేసేవాళ్లున్నారు, అందుకే చెబుతున్నాను.

అపోహ: సగటు అంటే అన్నీ కలిపి, ఎన్ని ఉన్నాయో దానితో భాగించడమే.

ఇక్కడ తప్పు చేసింది నేనే. తెలంగాణ ఏర్పడిన కొత్తలో, ఇంకా పది జిల్లాలే ఉన్న రోజులు. పది జిల్లాల జన సాంద్రతలు బోర్డు మీద రాసి, కూడి పదితో భాగిస్తే రాష్ట్ర సాంద్రత వస్తుందని పిల్లలకు చెప్పాను. చేశారు. చదరపు కిలోమీటరుకు రెండు వేలు దాటింది! అటుగా వెళ్తున్న లెక్కల మాస్టారు గుమ్మంలో ఆగి బోర్డు చూసి, "రాష్ట్రమంతా చార్మినార్ దగ్గరే కాపురముంటోందా సార్?" అన్నాడు. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాల్సి వచ్చింది.

అసలు రాష్ట్ర సాంద్రత మూడు వందల పైచిలుకే. తప్పంతా హైదరాబాద్ దగ్గర జరిగింది. ఆ జిల్లా సాంద్రత 18 వేల పైన. మిగతా తొమ్మిదీ సున్నా అనుకున్నా పదితో భాగిస్తే 1,800 దాటుతుంది. కానీ హైదరాబాద్ విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు, పాత ఆదిలాబాద్‌ది 16 వేల పైన. ఈ రెండింటికీ సమానంగా ఒక్కో ఓటు ఇచ్చాను నేను. చెయ్యాల్సింది మొత్తం జనాభాను మొత్తం విస్తీర్ణంతో భాగించడం. మూడున్నర కోట్ల మందిని 1.12 లక్షల చదరపు కిలోమీటర్లతో భాగించండి, 312 వస్తుంది. సాంద్రతలను, శాతాలను, నిష్పత్తులను నేరుగా కూడి సగటు తీయకూడదని ఆ రోజు నుంచి ఏటా మొదటి వారంలోనే చెబుతున్నాను. మాస్టారు బదిలీ మీద వెళ్లిపోయినా గుమ్మం వైపు ఓసారి చూసే అలవాటు పోలేదు.

వర్షపాతం సగటు గొడవ వేరు. అనంతపురం సగటు వర్షపాతం 55 సెంటీమీటర్లు అంటే ఏటా అంత పడుతుందని కాదు, చాలా ఏళ్లవి కలిపి తీసింది. వాతావరణ శాఖ లెక్కలో సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉంటే "సాధారణం". 20 శాతం తక్కువైతే లోటు, 60 తక్కువైతే తీవ్ర లోటు. ఒక తండ్రి పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చి, "పేపర్ల సాధారణ వర్షం అని రాసిండ్రు, మా చేను ఎండింది, ఎవరిది అబద్ధం?" అన్నాడు. ఇద్దరిదీ నిజమే. నెలకు పడాల్సింది నాలుగు రోజుల్లో కురిసి పోతే మొత్తం సాధారణమే, చేను మాత్రం ఎండుతుంది. మొత్తం ఎంత అన్నది ఒక అంకె, ఎలా పంచుకుని కురిసింది అన్నది ఇంకో అంకె. ఆయనకు పట్టిక చూపించడానికి ఆ రోజు నాకు మనసొప్పలేదు. టీ తాగించి పంపాను.

మిగతావి గబగబా.

శీతోష్ణస్థితి గ్రాఫ్‌లో నిలువు గీతలు రెండుంటాయి, ఒకటి ఉష్ణోగ్రతకు, ఒకటి వర్షానికి. లోపలి స్తంభాలు వర్షం, లోపలి గీత ఉష్ణోగ్రత. స్తంభాన్ని ఉష్ణోగ్రత వైపు చదివితే కొంప మునిగినట్టే. చెన్నై గ్రాఫ్‌లో ఎత్తైన స్తంభం నవంబర్‌లో ఎందుకుందో అడిగితే ఈశాన్య రుతుపవనాలు గుర్తుకు రావాలి.

పటం స్కేలులో అంకె పెద్దదైతే స్కేలు చిన్నది. 1:50,000 టోపోషీటులో (స్థలాకృతి పటంలో) రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. అదే పటం మీద ఒక చదరపు సెంటీమీటరు అంటే అర చదరపు కిలోమీటరు కాదు, పావు. దూరానికి అరతో ఒకసారి గుణించాలి, విస్తీర్ణానికి రెండుసార్లు.

లింగ నిష్పత్తి 943 అంటే వెయ్యి మంది పురుషులకు 943 మంది స్త్రీలు. "943 శాతం" అని రాయకండి, దయచేసి.

ఇక వాట్సాప్‌లో ఏటా తిరిగే పుకారు. "ఈసారి ఈ పట్టికే వస్తుంది, అంకెలన్నీ బట్టీ పట్టండి." నాకు ఒళ్లు మండుతుంది. పట్టిక ప్రశ్నలో అంకెలు ప్రశ్నపత్రంలోనే ఇస్తారు కదా! ఇచ్చేదాన్ని బట్టీ పట్టడమేమిటి? 2021 జనగణన వాయిదా పడింది కాబట్టి 2011 అంకెలే పదే పదే కనబడతాయి, అంతవరకు నిజం. మార్కులు మాత్రం అంకెలకు కాదు, వాటిని చదివి నువ్వు ఏం చెప్పావన్నదానికి.

"మా పాపకు లెక్కలంటే టెన్షన్ సార్, గ్రాఫ్ ప్రశ్న వదిలెయ్యమని చెప్పనా?" అని ఈ ఏడాది ఒక తల్లి అడిగింది. వద్దమ్మా. ఇందులో కావాల్సింది ఆరో తరగతి లెక్కలే: తీసివేత, భాగహారం, శాతం. ముందు శీర్షిక, ప్రమాణం, సంవత్సరం చదవాలి. తర్వాత ఎక్కువేది, తక్కువేది, తేడా ఎంత. ఆ తేడాకు కారణం పాఠంలోంచి ఒక్కటి. ఆ పాపకు లెక్కల్లో ఎన్ని మార్కులొస్తాయో గానీ సోషల్ పట్టికలు ఇప్పుడు బాగానే చదువుతోంది.

మిత్తి లెక్క చెప్పిన వెనక బెంచీ పిల్లవాడు అర్ధసంవత్సరం పరీక్షలో జనాభా పట్టిక కింద ఇలా రాశాడు: "1971 నుండి 2011 వరకు అసలు పెరిగినది, మిత్తి తగ్గినది." ఫుల్ మార్కులు వేసి, పక్కన ఎర్ర సిరాతో "మిత్తి అని కాదు, వృద్ధి రేటు అని రాయాలి" అని రాశాను.