గొర్రె గిట్ట, వానపాము బొక్క, పాకాల నీళ్ళు

నర్సంపేట దిక్కు నుంచి గొర్లు కాసే తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, గుట్టల మీద మంద తోలొద్దంటరు, చెట్లుంటెనే పాకాల నిండుతదంటరు. మా తాతలు మేపినప్పుడు చెరువు నిండలేదా?" మంచి ప్రశ్నే. కానీ మీరూ వాళ్ళూ ఇద్దరూ చెట్లనే చూస్తున్నరు, నాకైతే అసలు కథ మట్టిల ఉన్న బొక్కలదే అనిపిస్తది.

నీటిచక్రం బొమ్మ మళ్ళా గియ్యను, ఐదో తరగతి నుంచి గీసి గీసి యాష్టకొచ్చింది.

1840 ప్రాంతంల పాయిజల్ అని ఒక ఫ్రెంచి డాక్టరు, రక్తం సన్న నాళాలల్ల ఎట్ల పారుతదో చూద్దామని గాజు గొట్టాలు పట్టుకొని కూసున్నడు. ఆయనకు తేలిందేందంటే, పారకం గొట్టం వ్యాసార్థానికి నాలుగో ఘాతంల మారుతది. మా ఇంటర్ సారు ఇది బోర్డు మీద రాసి వెంటనే తుడిచేసిండు, ఇదెంత భయంకరమైన ముచ్చటో చెప్పనే లేదు! బొక్క వెడల్పు సగమైతే నీళ్ళు సగం కాదు, పదహారో వంతు. 1 మిల్లీమీటరు వానపాము బొక్క ఒక్కటి మోసే నీళ్ళను 0.1 మిల్లీమీటరు బొక్కలు మొయ్యాలంటే 10,000 కావాలె. ఇంకోతీరుగ చూడు, ఆ ఒక్క బొక్కల ఉన్న ఖాళీనే 100 సన్న బొక్కలకు పంచితే నేలల ఖాళీ అంతే ఉంటది, దిగే నీళ్ళు మాత్రం వందో వంతు. కప్పతల్లి ఆడి వానను పిలుస్తం సరే, వచ్చిన వాన లోపలికి పోవాలంటే తలుపు ఇదే.

ఇప్పుడు గొర్రె. 30 కిలోలనుకో, గిట్ట ఒక్కోటి 10 చదరపు సెంటీమీటర్లనుకో, అంటే చదరపు సెంటీమీటరుకు 750 గ్రాములు. నువ్వు 60 కిలోలున్నా నీ రెండు పాదాలు కలిపి 300 దాకా ఉంటయ్, 200 గ్రాములే పడుతది. గొర్రె నడిచేటప్పుడు కాళ్ళు లేస్తయ్ కాబట్టి ఇంకా ఎక్కువ. ఎండిన నేల దీన్ని తట్టుకుంటది. తడిసిన నేలల మట్టి రేణువులు జారుతయ్, ముందుగాల మూసుకపొయ్యేవి పెద్ద బొక్కలే. అంటే తప్పు గొర్రెది కాదు, ముసుర్ల మేపుడుది. మీ తాతలు మంద తోలుకొని వలస పొయ్యెటోళ్ళు, ఆలోపు వానపాములు, చెదలు, గడ్డి వేర్లు మళ్ళా బొక్కలు చేసేటియి.

మరి చెట్లు? అమెరికాల కొలరాడో కొండలల్ల వాగన్ వీల్ గ్యాప్ అనే చోట 1910ల పక్కపక్కన రెండు లోయల వాగులు కొలుసుడు మొదలుపెట్టి, 1919ల ఒక లోయల చెట్లు నరికేసి, 1926 దాకా చూసిన్రు. వాగు ఎండలేదు, పారకం పెరిగింది! చెట్టు కూడా నీళ్ళు తాగుతది మరి. గొడ్డలి పట్టకు, ఆగు. పెరిగిన దాంట్ల ఎక్కువ భాగం మంచు కరిగే కాలంలనే వచ్చింది, మనకేమో గుట్ట మీద మంచు లేదు, దాచుకునుడు మట్టిలనో చెరువులనో.

ఆ కొలరాడోల పశువులు పెంచెటోళ్ళకు 1876 రాజ్యాంగం నుంచీ ఒకటే లెక్క, ముందుగాల వాడుకున్నోనిదే ముందు హక్కు. మన గొలుసుకట్టు చెరువులల్ల మత్తడి, అంటే నిండిన నీళ్ళు పొర్లే అలుగు, ఎంత ఎత్తున్నదన్నదే హక్కు పత్రం, పై చెరువోళ్ళు మత్తడి మీద ఒక్క అడుగు రాళ్ళు పేర్చినా కిందోళ్ళు కర్రలు పట్టుకొని వస్తరు. కానీ రెండు తావులల్లా హక్కు వాగులకొచ్చిన నీళ్ళ మీదనే, గుట్ట మీద బొక్కలు కాపాడినోనికి ఏం రాసిలేదు. వానల మొదటి నెల మంద ఆపినందుకు ఆయకట్టు రైతులు నీకు ఇంత మేత ఇయ్యాలె అని నేనంట, వాళ్ళు ఒప్పుకుంటరా అంటే చెరువు నిండినంక ఒప్పుకోరు, నిండకముందే అడుగు.

నమ్మకుంటే రెండు దిక్కులా తెరిచిన రేకు డబ్బా ఒకటి మంద నడిచే బాటల, ఇంకోటి మోదుగ చెట్టు కింద నేలకు రెండు వేళ్ళంత దిగేసి, సమానంగ నీళ్ళు పోసి, ఎంతసేపట్ల ఇంకినయో ఫోన్ల టైం చూడు. చెల్క నేలల్నే చెయ్యి తమ్మీ, రేగడైతే పగుళ్ళల్లకు పోతయ్, లెక్క తప్పుతది.