కండర బలం పక్కదారి పట్టిన కథ

కండరం సంకోచిస్తుంది, ఆ లాగుడు స్నాయువు మీదుగా ఎముకకు చేరుతుంది. పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ దాదాపు ఇంతే. కండర పోగులను చుట్టుకుని, కలిపి పట్టి ఉంచే సంయోజక కణజాలం అక్కడ ఒట్టి తొడుగు.

1938లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఎ.వి. హిల్ కప్ప కండరాన్ని పరీక్షించి, సంకోచించే భాగానికి వరుసలో ఒక స్ప్రింగు ఉన్నట్టు లెక్క కట్టారు. తరువాతి నమూనాల్లో పక్కన మరో స్ప్రింగు చేరింది. విశ్రాంతిలో ఉన్న కండరాన్ని సాగదీస్తే ఎదురయ్యే బిగువు దానిదని, అది ప్రధానంగా పోగులను చుట్టిన కొల్లాజెన్ అనే ప్రోటీన్ పొరలేనని చాలాకాలం నమ్మారు. లెక్కలకు సులువే గానీ, ఏ పొర ఎక్కడ ఏం చేస్తుందో అందులో కనబడదు. 1970ల చివర పోగు లోపల ఉండే టైటిన్ అనే భారీ ప్రోటీన్ వెలుగులోకి వచ్చింది. 1985లో మాగిడ్, లా అనే పరిశోధకులు కప్ప కండరంలో ఆ బిగువు ఎక్కువగా పోగు లోపలిదేనని చూపడంతో పొరలకున్న ఆ కాస్త ప్రాధాన్యమూ పోయినట్టయింది.

కానీ వాటి అసలు పని వేరే ఉందని 1983లోనే సిబిల్ స్ట్రీట్ అనే పరిశోధకురాలు పట్టుకున్నారు. ఆమె కప్ప కండరంలోని ఒక పోగును కొంతమేర విడదీసి, మిగతా భాగాన్ని ఇరుగుపొరుగు పోగుల మధ్యే వదిలేశారు. ఆ పోగు పుట్టించిన లాగుడు దాని కొసదాకా వెళ్లనక్కరలేకుండానే పక్క పోగులకు అందింది. చాలా కండరాల్లో కొన్ని పోగులు స్నాయువును తాకకుండా మధ్యలోనే అంతమవుతాయని గుర్తుచేసుకుంటే, ఇది వింతగా తోచదు. వాటికి వేరే దారి లేదు. పోగుల మధ్య ఉండే ఎండోమైసియం పొర కండరంతో పాటు నిలువునా తేలిగ్గా సాగుతుంది. అయితే చాలా పలుచన కాబట్టి, పక్కపక్క పోగులు ఒకదానిపై ఒకటి ఎక్కువ జారనివ్వదు. రెండు గుణాలూ ఒకే పొరలో ఉండటమే ఇందులోని కిటుకు.

1998లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పీటర్ హైజింగ్ బృందం ఎలుక కాలి వేళ్లను చాచే కండరం తీసుకుని, వేళ్లకు వెళ్లే దాని నాలుగు స్నాయువుల్లో మూడింటిని ఒక్కొక్కటిగా కోసింది. అయినా బలం కొద్దిగానే తగ్గింది. కండరపు పాయల మధ్య పొరలను కూడా చీల్చాకే అది గట్టిగా పడిపోయింది. 2003లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపు తప్పే స్థితి) రోగుల శస్త్రచికిత్సల్లోనూ ఇలాంటిదే కనిపించింది: స్నాయువు కోసినా, చుట్టూ ఉన్న కణజాలాన్ని విడదీసేదాకా ముంజేతి కండరం మణికట్టు కదలికను అనుసరిస్తూనే ఉంది.

అలాగని, పక్కదారిన వెళ్లే ఈ బలం మామూలు కదలికల్లో ఎంత ముఖ్యమన్న వివాదం ముగియలేదు. 2008లో మాస్, సాండర్‌కాక్ అనే పరిశోధకులు పిల్లి పిక్కలోని సోలియస్ కండరాన్ని సహజ కదలికల పరిధిలో పరీక్షిస్తే, పొరుగు కండరాలకు చేరిన బలం స్వల్పమే.