వెండి మీద మీనా పూలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మీనా అంటే వెండికి వేసే పెయింటు.
అది గాజు. రంగుగాజును కల్వంలో నీళ్లతో నూరి, పైన తేలే పాలలాంటి నీరు తేటపడేదాకా కడిగి, చెక్కిన పూరేకుల గుంటల్లో తడిపొడిగా నింపుతాం. పూర్తిగా ఆరకుండా కొలిమిలో పెడితే ఆవిరి పొడిని ఎగజిమ్మి, రేకుల్లో బొక్కలు మిగులుస్తుంది. దాదాపు 750–800 డిగ్రీల సెల్సియస్‌లో ఒకటి రెండు నిమిషాలకే గాజు కరుగుతుంది. 92.5 వెండి (నూటికి 92.5 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి) కూడా 800 దాటగానే కరగడం మొదలవుతుంది కనుక కొలిమి మీద నుంచి చూపు తిప్పకూడదు. కరిగిన గాజు కుంగుతుంది, అందుకే మళ్లీ నింపి మళ్లీ పుటం పెట్టాలి. ఒకేసారి మందంగా పోస్తే చల్లారేటప్పుడు చిట్లుతుంది.

అపోహ: ఎర్రపువ్వుకు ఎర్రగాజు నింపితే చాలు.
వెండి మీద మహా మొండిది ఎరుపు. పారదర్శకమైన ఎరుపు నేరుగా వెండిని తాకితే పసుపు, గోధుమ రంగులకు తిరుగుతుంది. ముందు రంగులేని గాజు పొర కరిగించి, దాని మీద ఎరుపు వేయాలి. ఇంకా కాంతి కావాలంటే మధ్యలో పలుచటి బంగారు రేకు పరుస్తారు. పచ్చ, నీలం రంగులకు ఈ తిప్పలు లేవు. ఎక్కువ వేడి కోరేది ముందు, తక్కువ వేడిది చివర: సాధారణంగా తెలుపుతో మొదలై ఎరుపుతో ముగుస్తుంది. కాశీ గులాబీ మీనాలోనూ ముందు తెల్లపొర కరిగించాకే దాని మీద కుంచెతో గులాబీ రేకులు దిద్దుతారు.

అపోహ: రంగు అడుగున గీతలు కనిపిస్తే పని నాసిరకం.
ఆ గీతలు కావాలని చెక్కినవే. గాజుకు పట్టునిస్తాయి, వెలుగును తిప్పికొట్టి ఆకుకు ఈనెలిస్తాయి. మాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

అపోహ: 92.5 వెండి అయితే ఏ ఇబ్బందీ ఉండదు.
అందులోని రాగి వేడికి నల్లబడి, పారదర్శక రంగులను మసకబారుస్తుంది. కాబట్టి మీనాకు ముందే నగను పలుమార్లు కాల్చి, పలుచటి ఆమ్లంలో ముంచి, పైన శుద్ధమైన వెండి పొర తేలేలా చేయాలి.

అపోహ: విభూతితో తోమితే మెరుస్తుంది.
వెండి మెరుస్తుంది, గాజు గీతలు పడి మసకబారుతుంది. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క తేలికపాటి సబ్బు, మెత్తటి గుడ్డ చాలు.

అపోహ: ఉంగరం సైజు తర్వాతైనా మార్పించుకోవచ్చు.
సైజు మార్చాలంటే ఉంగరాన్ని కోసి టంకం పెట్టాలి, ఆ వేడికి మీనా చిట్లుతుంది. ఆర్డర్ ఇచ్చే రోజే వేలి కొలత ఇవ్వండి.