గంపలో పెట్టకముందే చెడిపోయే గుడ్డు

మే నెలలో పన్నెండు గుడ్లు పొదగేస్తే నాలుగు పిల్లలే అయ్యాయని, మిగతావి మురిగిపోయాయని విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కోళ్లున్న ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. పెట్ట సరిగా కూర్చోలేదంటారు, ఉరుములకు చెడిపోయాయంటారు, దిష్టి తగిలిందంటారు. చాలాసార్లు పెట్ట తప్పేమీ ఉండదు. ఆ గుడ్లు గంపలోకి చేరేసరికే పాడైపోయి ఉంటాయి.

పుంజు తొక్కిన పెట్ట కడుపులో గుడ్డు తయారవడానికి సుమారు ఒక రోజు పడుతుంది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి పిండం పెరుగుదల అక్కడే మొదలవుతుంది. గుడ్డు బయటికొచ్చే వేళకు పచ్చసొన మీద కనిపించే చిన్న తెల్లటి చుక్కలో అప్పటికే వేల కణాలుంటాయి. బయట చల్లగా ఉంటే ఆ పెరుగుదల ఆగిపోయి పిండం నిద్రపోతుంది. ఆ నిద్ర పట్టాలంటే గుడ్డు వేడి 20, 24 డిగ్రీల మధ్యకో, అంతకన్నా కిందికో దిగాలి. పిల్ల సవ్యంగా తయారవడానికి కావలసింది 37.5 డిగ్రీలు. ఈ రెంటికీ మధ్య వేడిలో పిండం పూర్తిగా నిద్రపోదు, సరిగ్గా పెరగదు. అరకొరగా పెరిగి, బలం చాలక చచ్చిపోతుంది. మన దగ్గర మే నెలలో పగలు 40 దాటడం మామూలే. రాత్రిళ్లు కూడా 27, 28కి దిగడమే కష్టం. వంటింట్లో గిన్నెలో పెట్టిన గుడ్డుకు నిద్ర ఎక్కడిది?

ఉరుముల సంగతీ ఇంతే. గుడ్లకు ఉరుము తగలకూడదని గంపలో ఇనుప ముక్క వేస్తారు. కానీ ఉరుములు వచ్చేదే ఎండాకాలం చివర, బాగా ఉక్కపోసిన రోజుల్లో. గుడ్లను చంపింది అంతకుముందు నిలవ ఉంచిన వారం, పది రోజుల వేడి. నింద మాత్రం ఉరుము మీద పడింది.

పెట్టకు ఒక విడత గుడ్లు పెట్టడానికి రెండు, మూడు వారాలు పడుతుంది. అన్నీ గూట్లోనే వదిలేసి, అది పొదుగుకొచ్చాక మొత్తం దాని కిందే వేయడం అలవాటు. చలికాలంలో దాంతో నష్టం తక్కువ. ఎండాకాలంలో అయితే మొదటి గుడ్లకు పదిహేను రోజుల వేడి తగిలి ఉంటుంది. అందుకే ఏ రోజు గుడ్డు మీద ఆ తేదీ పెన్సిలుతో రాయండి. పెట్ట కూర్చునే నాటికి వెనకటి మూడు, నాలుగు రోజుల గుడ్లే కిందికి వేసి, పాతవి పాడవకముందే కూరకు వాడుకోండి. ఒక్క పెట్టవి చాలకపోతే ఇంట్లో మిగతా పెట్టల తాజా గుడ్లు కలపండి, పెట్ట తేడా చూడదు. చలికాలంలో వారం దాకా ఆగవచ్చు.

నిలవ ఉంచడానికి ఫ్రిజ్ పనికిరాదు. అందులో మరీ చల్లన, పైగా బయటికి తీయగానే గుడ్డుకు చెమట పడుతుంది. పెంకుకు వేల సంఖ్యలో సన్నని రంధ్రాలుంటాయి, ఆ తడితో సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. పెద్ద మట్టి కుండలో తడి ఇసుక పోసి, దాని మధ్య చిన్న మూకుడు దించి, మూకుడులో పొడి తవుడు పరిచి, గుడ్లను సన్న కొస కిందికి ఉండేలా నిలబెట్టండి. పైన పలచని గుడ్డ కప్పి నీడలో గాలి తగిలే చోట పెట్టండి. కూజాలో నీళ్లు చల్లబడినట్టే ఇవీ చల్లబడతాయి. ఉక్కపోత రోజున అంత చల్లబడవు. కాబట్టి కుండ ఉంది కదా అని నాలుగు రోజులు దాటనివ్వవద్దు.

గుడ్డు కడగకూడదు. పెంకు మీద ఉండే పలచని పూత రంధ్రాలను కాపాడుతుంది, కడిగితే అది పోతుంది. రెట్ట అంటినవి, పగులున్నవి, మరీ పెద్దవి పక్కన పెట్టండి. కొట్లో అమ్మే ఫారం గుడ్లు పుంజు లేకుండా పెట్టినవి, ఎన్నాళ్లు పొదిగినా పిల్ల కాదు. జాతి కోడి గుడ్లు దూరం నుంచి బస్సులో తెచ్చుకుంటే, సన్న కొస కిందికి పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచాకే పొదగేయాలి. జాతి చూసుకునేవాళ్లకు ఇంకో మాట. పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు, మూడు వారాలు బతికి ఉంటుంది. డేగ రకం పుంజును తీసేసి నెమలి రకం పుంజును వదిలితే, మూడు వారాలు గడిచాక వచ్చిన గుడ్లే నెమలివని నమ్మవచ్చు.

ఇక పెట్ట. పొదుగుకొచ్చినప్పుడు దాని రక్తంలో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది, గుడ్లు పెట్టడం ఆగుతుంది, పొట్ట కింద ఈకలు రాలి చర్మం నేరుగా గుడ్లకు ఆనుతుంది. ఎక్కువ గుడ్ల కోసం తయారుచేసిన లెగ్‌హార్న్ లాంటి జాతుల్లో ఈ గుణం దాదాపు పోయింది. నాటుకోడిలో, అసీల్ అనే పందెం కోడి జాతిలో గట్టిగా ఉంది. రెండు రాత్రులు గూడు వదలకుండా, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి కసురుకుంటే అది నిజంగా కూర్చున్నట్టు. ముందు ఒకటి, రెండు పనికిరాని గుడ్లతో చూసుకుని, చీకటి పడ్డాక అసలు గుడ్లు అన్నీ ఒకేసారి మార్చండి. నాటు పెట్టకు పది, పన్నెండు చాలు. అంతకు మించితే చివరి గుడ్లకు ఒళ్లు తగలదు. పెట్ట రోజూ గుడ్లను అటూ ఇటూ జరుపుతుంది కాబట్టి ఇవాళ అంచున ఉన్నది రేపు మధ్యకొస్తుంది. అలా వంతులవారీగా అన్నీ చల్లబడి, ఒకటికి బదులు అయిదు పోతాయి.

వెడల్పాటి బుట్ట అడుగున రెండంగుళాల ఇసుక పోసి, దాని మీద వరిగడ్డిని గిన్నెలా నొక్కండి. బుట్టను రేకుల షెడ్డు కింద పెట్టవద్దు. గుడ్డు వేడి గంటల తరబడి 40 దాటితే పిండం బతకదు, రేకు కింద మధ్యాహ్నం పెట్ట కూడా ఏమీ చేయలేదు. పేలు మరో పెద్ద శత్రువు. పేలు పట్టిన పెట్ట నిలకడగా కూర్చోదు. గడ్డిలో ఎండిన వేపాకు కలపండి, పెట్ట పొర్లడానికి దగ్గరలో బూడిద, పొడి మట్టి పోయండి. మిరప, పత్తి చేలకు తెచ్చిన పురుగుమందు పొడిని పెట్ట మీద చల్లడం చాలా ప్రమాదం. పెట్ట చస్తుంది, మందు పెంకు గుండా పిండానికీ చేరుతుంది.

పెట్ట రోజుకొకసారి పావుగంట, ఇరవై నిమిషాలు లేస్తుంది. జొన్నలో సజ్జలో గింజలు, చల్లని నీళ్లు నాలుగడుగుల దూరంలో ఉంచండి. ఏడో రోజు రాత్రి ఫోను టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి. ఎర్రని నరాలు సాలెపురుగు కాళ్లలా విప్పారితే పిల్ల ఉంది. ఖాళీగా వెలిగితే పుంజు తొక్కని గుడ్డు. లోపల ఎర్రని వలయం కనిపిస్తే పిండం మొదలై చచ్చిపోయింది, ఎండాకాలంలో నిలవ గుడ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. చెడ్డవి తీసేయాలి. మురిగిన గుడ్డులో వాయువు నిండి పగిలితే మిగతావాటినీ పాడు చేస్తుంది.

పద్దెనిమిదో రోజు నుంచి గుడ్లను ముట్టుకోవద్దు. వడగాలి వీస్తుంటే బుట్ట అడుగు ఇసుకను మాత్రం కాస్త తడపండి, గుడ్ల మీద నీళ్లు చల్లవద్దు. పిల్ల ముందు లోపలి గాలి గదిని పొడిచి ఊపిరి తీస్తుంది, పెంకులోంచే కూస్తుంది, పెట్ట బదులిస్తుంది. పెంకు మీద మొదటి చిల్లు పడ్డాక బయటికి రావడానికి అర రోజు, ఒక్కోసారి ఒక రోజు పడుతుంది. ఆలస్యమైందని పెంకు ఒలిస్తే పొర నరాల్లో ఇంకా పారుతున్న నెత్తురు కారిపోతుంది. మిగిలిన పచ్చసొన కూడా ఆ గంటల్లోనే పొట్టలోకి వెళుతుంది. దాంతో పిల్ల రెండు రోజులు మేత లేకుండా ఉండగలదు, కాబట్టి ముందు పుట్టినవాటి కోసం పెట్టను లేపనవసరం లేదు.

తర్వాత పలచని పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోయండి, రాళ్లు లేకపోతే పిల్లలు మునుగుతాయి. నూకలు ఒక్కటే పెడితే ఎదుగుదల ఉండదు. మొదటి నెల మాంసకృత్తులు 20 శాతం ఉన్న పిల్లల దాణా కావాలి, లేదా నూకలతో పాటు చెదపురుగులు అందాలి. మూడో వారం తర్వాత నెత్తుటి విరేచనాలు కనిపిస్తే కింద తడి ఉన్నట్టే. వెంటనే గడ్డి మార్చి, పశువైద్యుణ్ణి అడిగి మందు వాడండి. కొక్కెర తెగులుకు వారం లోపు లసోటా అనే టీకా చుక్క కంట్లో వేయాలి, నాలుగో వారంలో మళ్లీ. టీకా సీసాలో సాధారణంగా వందకు పైగా డోసులుంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. నాలుగిళ్లవాళ్లు ఒకే రోజు పెట్టుకుంటే ఒక్క సీసాతో సరిపోతుంది, ఐసులో పెట్టి తెచ్చుకోవడం మాత్రం మరవవద్దు.

గద్ద, కాకి, పిల్లి, ముంగిసల నుంచి కాపాడటానికి మొదటి మూడు వారాలు పిల్లలకోడిని గంప కిందే మూయాలి. పగటి పూట కాసేపు మనిషి కాపలా ఉన్నప్పుడే వదలాలి. ఆరు, ఎనిమిది వారాలకు తల్లికోడే పిల్లల్ని పొడిచి తరుముతుంది. అప్పుడు పిల్లల్ని వేరు చేస్తే, అది మళ్లీ పుంజు దగ్గరికి చేరుతుంది. డిసెంబరులో పొదగేస్తే ఇదంతా ఎండలు ముదరకముందే అయిపోతుంది.