తొమ్మిది కుట్లు పడినా సింపులేనా మేడమ్?

కిందటేడు సంక్రాంతి వెళ్లిన వారం. మా క్యాజువాలిటీలో ఒకే బెంచీకి ఆ చివర అన్న, ఈ చివర తమ్ముడు. పొలం గట్టు దగ్గర తగాదా. అన్న తలకు చుట్టిన తువ్వాలు రక్తంతో తడిసి ముద్దయింది. తమ్ముడి ఒంటి మీద చుక్క రక్తం లేదు, ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుని "చిటికెన వేలు వాచింది, కాస్త చూడండి" అంటున్నాడు. అన్నకు తొమ్మిది కుట్లు వేశాం. సీటీ స్కాన్‌లో ఎముకకు గానీ మెదడుకు గానీ ఏమీ కాలేదని తేలింది. తమ్ముడి ఎక్స్‌రేలో మాత్రం వేలి ఎముక విరిగి ఉంది.

పోలీసు కేసు కోసం డాక్టరు ఇచ్చే గాయాల కాగితం, అంటే వూండ్ సర్టిఫికెట్‌లో, అన్నకు సింపుల్ (మామూలు గాయం) అని, తమ్ముడికి గ్రీవస్ (తీవ్ర గాయం) అని రాశాను. ఆ సంగతి ఊళ్లో తెలిసిన రోజు పదిమంది వచ్చి నా గది ముందు నిలబడ్డారు. "తొమ్మిది కుట్లు పడితే సింపులా? వేలు వాస్తే గ్రీవసా? అవతలోళ్లు ఎంత ఇచ్చారు మేడమ్?"

పద్నాలుగేళ్ల నుంచి ఏరియా ఆసుపత్రిలో క్యాజువాలిటీ డ్యూటీ చేస్తున్నాను. ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న వినని నెల లేదు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు కూర్చోబెట్టి చెబుతున్నాను. చెప్పి చెప్పి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

గ్రీవస్ అనే మాటకు చట్టంలో ఒక జాబితా ఉంది. పాత ఐపీసీలో అది 320వ సెక్షన్. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 116. మొత్తం ఎనిమిది రకాలు. పుంసత్వం పోవడం, ఒక కంటి చూపు శాశ్వతంగా పోవడం, ఒక చెవి వినికిడి శాశ్వతంగా పోవడం, అవయవమో కీలో ఊడిపోవడం, ఉన్నా అది ఎప్పటికీ సరిగా పనిచేయకపోవడం, తల లేదా ముఖం శాశ్వతంగా వికారం కావడం, ఎముక గానీ పన్ను గానీ విరగడం లేదా జారడం. ఎనిమిదోది, ప్రాణం మీదికి తెచ్చే గాయం, లేకపోతే 15 రోజుల పాటు విపరీతంగా బాధపెట్టిన గాయం, లేదా అన్ని రోజులూ మామూలు పనులు చేసుకోనివ్వని గాయం. ఐపీసీలో ఇది 20 రోజులు ఉండేది. ఇప్పటికీ కొందరు 20 అనే చెబుతుంటారు.

ఈ జాబితాలో రక్తం అనే మాట ఉందేమో చూడండి. కుట్లు అనే మాట ఉందేమో చూడండి. లేవు. అందుకే ముందరి పన్ను ఒకటి విరిగితే గ్రీవస్. వీపంతా బెల్టు వాతలు తేలినా, ఎనిమిదో రకం కిందికి రాకపోతే, సింపుల్. ఇది న్యాయమా అంటే, నాకూ చాలాసార్లు కాదనే అనిపించింది. కానీ జాబితా రాసింది నేను కాదు. ఎముక విరగడం అంటే రెండు ముక్కలు కానక్కర్లేదు, పగులు వచ్చినా చాలునని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. దాన్ని కూడా నేను మార్చలేను.

ఇంకో వేడుకోలు ఉంటుంది. "ఎలాగైనా 15 రోజులు బెడ్ మీద ఉంచండి మేడమ్, కేసు గట్టిపడుతుంది." ఉత్తినే మంచం మీద పడుకుంటే ఏమీ గట్టిపడదు. నిజంగా పనులు చేసుకోలేకపోయాడా అన్నదే కోర్టు చూస్తుంది. ఈలోపు ఆ మంచం అవసరమైన మనిషి వరండాలో ఉంటాడు.

సింపుల్ అని రాస్తే కేసు పోయినట్టేనా? కాదు. ఒట్టి చేతులతో కొట్టిన సింపుల్ గాయమొక్కటే అయితే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు, అది నిజమే. అదే సింపుల్ గాయం కత్తితోనో గొడ్డలితోనో చేస్తే మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. చంపాలనే ఉద్దేశం రుజువైతే, గురి తప్పి ఒంటికి గీత కూడా పడకపోయినా హత్యాయత్నం కేసే. కాబట్టి నా సర్టిఫికెట్‌లో ఒక్క మాట కోసం నా కాళ్లు పట్టుకోనక్కర్లేదు. దయచేసి పట్టుకోకండి కూడా.

ఇక అసలు సంగతికి వస్తాను. తల పగిలి రక్తం కారినవాళ్లను చూసి నేను పెద్దగా టెన్షన్ పడను. తల చర్మంలో రక్తనాళాలు ఎక్కువ. పైగా చుట్టూ ఉన్న గట్టి కణజాలం వాటిని ముడుచుకోనివ్వదు కాబట్టి చిన్న దెబ్బకే ధారగా కారుతుంది. చూసినవాళ్లు హడలిపోయి ఆటోలో వేసుకుని వచ్చేస్తారు. ఆ హడలే వాళ్లను కాపాడుతుంది. నా భయమంతా "రక్తం రాలేదుగా, ఏం కాలేదులే" అనుకునేవాళ్ల గురించి. ఈ ఒక్క మాట తీసుకున్నన్ని ప్రాణాలు, చెడగొట్టినన్ని కేసులు మరే అపోహా చేయలేదని నా అనుభవం.

ఒక రాత్రి పదకొండింటికి పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ని తీసుకొచ్చారు. బైకు మీంచి పడ్డాడు. కాసేపు స్పృహ తప్పి, తేరుకున్నాడట. ఎడమ చెవి పైన చిన్న బొప్పి, అంతే. నాతో చక్కగా మాట్లాడాడు, అమ్మకు ఫోన్ చేసి "నాకేం కాలేదు" అని కూడా చెప్పాడు. సీటీకి పంపుతాను, రాత్రికి ఇక్కడే ఉండాలన్నాను. "బాగానే ఉన్నాడు కదమ్మా, పొద్దున్నే తీసుకొస్తాం" అని మేనమామ సంతకం పెట్టి తీసుకెళ్లాడు. తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ తెచ్చారు. అప్పటికి వాంతులై, పలకడం మానేశాడు. ఎడమ కంటిపాప పెద్దదై ఉంది.

ఆ చోట పుర్రె ఎముక పలచన. దాని లోపలివైపున అంటుకుని ఒక ధమని పోతుంది. అది చిట్లితే పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం గడ్డకడుతూ పెరుగుతుంది. పెరిగేదాకా మనిషి మామూలుగానే ఉంటాడు. ఆ కొన్ని గంటలే మనల్ని మోసం చేస్తాయి. పెద్దాసుపత్రికి పంపితే ఆపరేషన్ చేశారు. బతికాడు. కుడిచెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా స్వాధీనంలో లేదు. మేనమామను నేను తప్పుపట్టను. ఆ బొప్పి చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. అందుకే అంటున్నాను, తలకు దెబ్బ తగిలాక స్పృహ తప్పినా, వాంతి అయినా, తలనొప్పి పెరుగుతున్నా, మత్తుగా ఉన్నా, రక్తం ఊసెత్తకుండా వచ్చేయండి. కడుపు మీద తన్ను తగిలినా, హ్యాండిల్ గుచ్చుకున్నా అంతే. కడుపులో ఎడమ పక్కన ఉండే ప్లీహం చిట్లితే పైన గీత కూడా ఉండదు, ఒక్కోసారి రోజుల తర్వాత బయటపడుతుంది.

కేసు విషయంలోనూ ఇదే తంతు. ఒక అమ్మాయి, ఇంట్లో భర్త కొట్టాడని వచ్చింది. నుదుటి మీద కొంచెం ఎరుపు, చేతుల మీద ఏమీ లేదు. "రక్తం రాలేదు డాక్టరమ్మా, ఎవరూ నమ్మరేమో, వెళ్లిపోతాను" అంటూ లేచింది. కూర్చోబెట్టి కనిపించినంత రాసుకుని, ఎల్లుండి మళ్లీ రమ్మన్నాను. వచ్చింది. రెండు కళ్ల చుట్టూ నల్లగా కమిలి ఉంది. నుదుటి లోపలి రక్తం కిందికి దిగి కళ్ల దగ్గర చేరుతుంది. దెబ్బ ఒకచోట, మచ్చ ఇంకోచోట. భుజాల మీద నాలుగు వేళ్ల గుర్తులు తేలాయి. కమిలిన గాయం పైకి రావడానికి ఒకట్రెండు రోజులు పట్టొచ్చు. మొదటి రోజు రాకపోతే ఎప్పుడు తగిలిందో చెప్పడం కష్టం, రెండోసారి రాకపోతే మచ్చే రికార్డులో ఉండదు. అదే ఓపీ చీటీ పట్టుకుని మళ్లీ రండి.

విరిగిందని అనుమానం ఉంటే ముందు ఎక్స్‌రే, తర్వాతే నాటుకట్టు. నాటుకట్టు మీద నా అభిప్రాయం ఇంకోసారి చెబుతాను. ఎక్స్‌రే లేకుండా ఎముక అతికిపోయాక "అప్పుడు విరిగింది" అంటే నేను రాయలేను.

అసలు ఈ గందరగోళానికి మన మాటే కొంత కారణమేమో. తెలుగులో కొట్టినదీ దెబ్బే, తగిలినదీ దెబ్బే. ఎవరూ కొట్టకపోయినా వడదెబ్బ తగులుతుంది, మాట అంటే మనసుకు గాయమవుతుంది. చట్టం కూడా ఇంచుమించు ఇంత విశాలమైనదే. న్యాయ సంహితలో ఇంజురీ అంటే చట్టవిరుద్ధంగా ఒంటికి, మనసుకు, పరువుకు, ఆస్తికి చేసిన ఏ హాని అయినా. హర్ట్ అంటే ఒంటికి నొప్పి, జబ్బు లేదా బలహీనత కలిగించడం. చెంపదెబ్బకు మచ్చ పడకపోయినా అది హర్టే. ఏదో కలిపి తాగించి వాంతులు తెప్పించినా హర్టే. క్రషర్‌లో రాతిపొడి పీల్చి ఊపిరితిత్తులు పాడైతే, కార్మికుల పరిహారానికి సంబంధించిన చట్టం దాన్ని పనిలో తగిలిన గాయంగానే లెక్కేస్తుంది. డాక్టరు గాయం అన్నప్పుడు చూసేది దెబ్బతిన్న కణజాలాన్ని. మన వాడుకలోని గాయం, చట్టంలోని గాయం, డాక్టరు చూసే గాయం, ఈ మూడూ ఒకటే అనుకుంటే చిక్కు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎఫ్ఐఆర్ లేకపోతే వైద్యం చేయరన్నది అబద్ధం. ముందు ప్రాణం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. గాయం మీద కాఫీ పొడి, సున్నం పెట్టకండి. వాటిని కడగడానికి పట్టే టైములో కుట్లు అయిపోతాయి. యాక్సిడెంట్ పరిహారానికి కావలసిన వికలాంగత సర్టిఫికెట్ వేరు, వూండ్ సర్టిఫికెట్ వేరు.

"కత్తితో నరికారు" అని చెబుతారు, చూస్తే కర్రదెబ్బ. వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు, తలమీద చర్మం కింద వెంటనే ఎముక ఉంటుంది కాబట్టి కర్ర తగిలినా చర్మం కత్తితో కోసినట్టే తెరుచుకుంటుంది. భూతద్దం పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కత్తి అయితే వెంట్రుకలు నీటుగా తెగుతాయి. కర్ర అయితే చితికిపోతాయి, గాయం లోపల ఈ అంచు నుంచి ఆ అంచుకు సన్నటి పోగులు ఉంటాయి. నేను రాసేది ఆ పోగులు చూసి.

ఎవరు కొట్టారో మాత్రం నాకు ఏ భూతద్దంలోనూ కనపడదు. పాత కేసు ఒకదానిలో సాక్ష్యానికి వెళ్లాను, ముంజేతి ఎముక విరిగిన మనిషిది. అవతలి లాయరు గారు అడిగారు, "కింద పడినా ఇలా విరగొచ్చు కదా డాక్టరు గారూ?" విరగొచ్చు అన్నాను. బయటికి రాగానే దెబ్బతిన్న మనిషి తండ్రి ఎదురొచ్చాడు. "మా తరఫున వచ్చి అలా చెప్పారేంటమ్మా?" "ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుంది తాతా, కర్ర పట్టుకున్నవాడు కనిపించడు" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి ఆ రోజు చేలో ఉన్న మా పాలేరును సాక్షిగా ఎందుకు వేయలేదు?" అంటూ ప్రాసిక్యూటర్ గారిని వెతుక్కుంటూ వెళ్లాడు.