బేస్ పెంచాలంటే ముందు తగ్గించండి

శబ్దంలోని ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని, ఎడమ చివరన 31, 62 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత) అని ఉన్న రెండు మీటల్నీ పైదాకా తోసేయడం. బేస్, అంటే లోతైన మంద్ర స్వరాలు, ఉండేది అక్కడే కాబట్టి ఒక పాట సేపు హుషారుగానే ఉంటుంది. ఆ తర్వాత గొంతూ వయొలిన్లూ అన్నీ ఆ మోతలో మునిగిపోతాయి. తిట్లు స్పీకరుకి పడతాయి గానీ, తప్పు ఎక్కువసార్లు గదిదే.

50 హెర్ట్జ్ శబ్దానికి ఒక్క అల పొడవే దాదాపు 22 అడుగులు. మన గదులేమో 12 అడుగులు, 10 అడుగులు. గది కొలత సగం అలకి సరిపోయిందంటే, గోడకి తగిలి వెనక్కొచ్చే శబ్దం వెళ్లే శబ్దంతో కలిసి, ముందుకు కదలకుండా నిలిచిపోయే స్థిర తరంగంగా పేరుకుంటుంది. సెకనుకు 343 మీటర్ల ధ్వని వేగాన్ని గది కొలతకు రెట్టింపుతో భాగిస్తే అది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర జరుగుతుందో తెలుస్తుంది: 12 అడుగులకి 47 హెర్ట్జ్, 10 అడుగులకి 56. స్లాబు ఎత్తు కూడా పది అడుగులే అయితే 56 దగ్గర రెండు మోతలు ఒకచోట చేరతాయి. బేస్ గిటారులో ‘ఎ’ తీగ 55 హెర్ట్జ్. అది మోగినప్పుడల్లా కిటికీ అద్దాలు అదురుతాయి. 41 హెర్ట్జ్ దగ్గరుండే ‘ఇ’ తీగ మాత్రం బుద్ధిగా వినిపిస్తుంది.

కాబట్టి దించాల్సింది ఆ 56నే. పది మీటల ఈక్వలైజర్లో 62 మీటను దించితే చుట్టుపక్కల స్వరాలు కూడా దాంతోపాటే పోతాయి. 1972లో రికార్డింగ్ ఇంజనీర్ జార్జ్ మాసెన్‌బర్గ్ వివరించిన పారామెట్రిక్ ఈక్వలైజర్‌లో ఆ ఇబ్బంది లేదు. ఏ ఫ్రీక్వెన్సీ, ఎంత మేర, ఎంత వెడల్పు అనే మూడూ మన చేతిలోనే ఉంటాయి. 56 దగ్గర సన్నగా 6 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) కోసి చూడండి. మోత తగ్గి, అసలు బేస్ అప్పుడు బయటపడుతుంది. గుడ్డిగా కోయొద్దు. ఒక్కో ఫ్రీక్వెన్సీనే వినిపించే టోన్ జనరేటర్‌ను ఫోన్‌లోంచి స్టీరియోకి కలిపి, 30 నుంచి 120 హెర్ట్జ్ వరకు మెల్లగా పెంచుతూ, మోత ఎక్కడ పెరుగుతోందో రోజూ కూర్చునే కుర్చీలోంచే వినాలి. మూలకి నెట్టిన స్పీకర్లను కాస్త ముందుకు జరపడం అంతకంటే ముందు పని. దానికి పైసా ఖర్చు లేదు.

శబ్దం పడిపోయే చోట్ల, అంటే గుంటల సంగతి వేరు. గదికి సరిగ్గా నడుమ కూర్చుంటే ఆ 47, 56 దాదాపు వినిపించవు. అక్కడ మీట ఎంత ఎత్తినా వెళ్లే అలా, తిరిగొచ్చే అలా రెండూ పెరిగి ఒకదాన్నొకటి మళ్లీ చంపుకుంటాయి. పైగా 10 డెసిబెల్స్ పెంచడమంటే యాంప్లిఫయర్‌ను పదిరెట్లు పవర్ అడగడం. 5 వాట్లతో పోయేది 50 వాట్లవుతుంది. బేస్ పలికే అయిదంగుళాల ఊఫర్ పాపం ఏం చేస్తుంది? కుర్చీని రెండడుగులు జరపడం మేలు.

పెంచడం న్యాయమయ్యే సందర్భం ఒకటుంది. సౌండు తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మరీ ఎక్కువగా తగ్గిపోతుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. పాత యాంప్లిఫయర్ల మీద బేస్‌ను పెంచే ‘లౌడ్‌నెస్’ బటన్ ఉండేది అందుకే. రాత్రి పదకొండింటికి, ఇంట్లోవాళ్లు నిద్రపోయాక వినేటప్పుడు దాన్ని నొక్కండి. పొద్దున సౌండు పెంచే ముందు మాత్రం గుర్తుపెట్టుకుని తీసేయండి.