లైబ్రేరియన్ కుర్చీ ఎవరి చేతిలో?

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో లానో అనే చిన్న కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, ఉంది. 2022 జనవరిలో ఆ కౌంటీని పాలించే ఎన్నికైన కమిషనర్లు, లైబ్రరీ వ్యవహారాలు చూసే పాత బోర్డును రద్దు చేసి కొత్తది వేశారు. కొన్ని పుస్తకాలు అరల్లో ఉండకూడదని అంతకుముందు నుంచీ పట్టుబడుతున్నవాళ్ళకు అందులో చోటు దక్కింది. మార్చి వచ్చేసరికి, ఆ పుస్తకాలు తీసెయ్యడానికి ఒప్పుకోని ఒక బ్రాంచి లైబ్రేరియన్ ఉద్యోగం పోయింది.

ఈ గొడవ మీద నడిచిన చర్చంతా పుస్తకాల చుట్టూనే తిరిగింది. ఏది పిల్లలకు తగినది, ఏది కాదు అని. అయితే కమిషనర్లు ముందు ముట్టుకున్నది బోర్డును. అక్కడే ఆగి చూడాలనిపించింది. పన్ను వేసే కౌన్సిల్ ఒకవైపు, లైబ్రేరియన్ ఒకవైపు ఉంటే మధ్యలో ఈ బోర్డు ఎందుకు వచ్చింది? దాన్ని అంత తేలిగ్గా ఎలా తీసెయ్యగలిగారు?

కథ బ్రిటన్‌లో మొదలవుతుంది. 1850లో విలియం యూవర్ట్ అనే ఎంపీ చొరవతో పబ్లిక్ లైబ్రరీల చట్టం వచ్చింది. జనాభా 10,000 దాటిన పట్టణాలు లైబ్రరీ కోసం పన్ను వేసుకోవచ్చు, కానీ ఆస్తి విలువలో ప్రతి పౌండుకు అరపెన్నీ మించకూడదు. ఆ డబ్బుతో పుస్తకాలు కొనకూడదు కూడా! భవనం కట్టుకోవచ్చు, జీతాలివ్వచ్చు, పుస్తకాలు మాత్రం దాతలు ఇవ్వాల్సిందే. పాలన పూర్తిగా పట్టణ కౌన్సిల్ చేతిలో, దాని కమిటీ చేతిలో ఉండేది.

ఆ కమిటీ బరువు ఎలా ఉంటుందో మొదట చవిచూసినవాడు ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్. తాపీమేస్త్రి కొడుకు. సొంతంగా చదువుకుని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేశాడు. యూవర్ట్ చట్టానికి కావలసిన సమాచారం, లెక్కలు చాలావరకు సమకూర్చింది ఈయనే. 1852 సెప్టెంబర్ 2న మాంచెస్టర్‌లో ఉచిత లైబ్రరీ తెరిచినప్పుడు దాని తొలి లైబ్రేరియన్ కూడా ఈయనే. ప్రారంభ సభకు చార్లెస్ డికెన్స్ వచ్చి మాట్లాడాడు. అంత ఘనంగా మొదలైన ఉద్యోగం ఆరేళ్ళు తిరిగేసరికి ముగిసింది. జీతం దగ్గర, అధికారం దగ్గర కమిటీతో తరచూ తగాదాలు. చివరికి 1858లో కమిటీ ఆయన్ని సాగనంపింది. ఎడ్వర్డ్స్ కూడా సర్దుకుపోయే మనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా దేశంలో లైబ్రరీల గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషిని నిలుపుకోవాలా వద్దా అన్నది కొద్దిమంది కౌన్సిలర్లు తేల్చేశారు. ఆయన 1886లో పేదరికంలో చనిపోయాడు.

అమెరికాలో దారి వేరుగా పడింది. బోస్టన్‌లో లైబ్రరీని చూసుకునే ట్రస్టీలు, అంటే బోర్డు సభ్యులు, మొదట్నుంచీ ఉన్నారు, కానీ డబ్బు సంచి మూతి నగర కౌన్సిల్ చేతిలోనే ఉండేది. 1877లో జీతం విషయంలో కౌన్సిల్‌తో వివాదం వచ్చి, లైబ్రరీ సూపరింటెండెంట్ జస్టిన్ విన్సర్ హార్వర్డ్‌కు వెళ్ళిపోయాడు. ఆ మరుసటి ఏడాదే రాష్ట్ర చట్టసభ ట్రస్టీలకు చట్టబద్ధమైన సంస్థ హోదా ఇచ్చింది. లైబ్రేరియన్‌ను నియమించడం, జీతం నిర్ణయించడం వాళ్ళ పని అయింది.

అప్పటికే ఇల్లినాయ్ 1872లో ఇంకా జాగ్రత్తగా ఆలోచించి చట్టం చేసింది. తర్వాత చాలా రాష్ట్రాలు దీన్ని నమూనాగా తీసుకున్నాయి. లైబ్రరీ బోర్డుకు మేయర్ తొమ్మిది మందిని నియమిస్తాడు, కౌన్సిల్ ఆమోదిస్తుంది. కౌన్సిల్ సభ్యుల్లో ఒక్కరికి మించి బోర్డులో ఉండకూడదు. పదవీకాలం మూడేళ్ళు, అయితే అందరిదీ ఒకేసారి ముగియదు. ఏటా ముగ్గురు దిగిపోతారు, ముగ్గురు వస్తారు. లైబ్రరీ నిధి ఖర్చు, లైబ్రేరియన్ నియామకం, తొలగింపు అన్నీ బోర్డువి. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఆ ఏటా ముగ్గురు అన్న లెక్క. ఒక ఎన్నికలో ఊరు ఊగిపోయినా, కొత్త మేయర్ కోపం మీద ఉన్నా, బోర్డులో పాతవాళ్ళు ఆరుగురు మిగులుతారు. జనం డబ్బుకు జనం ప్రతినిధులు లెక్క అడగాల్సిందే. ఇక్కడ లెక్క అడిగే దారి తెరిచే ఉంచారు, కక్ష తీర్చుకునే దారి మాత్రం ఇరుకు చేశారు.

కానీ బోర్డు పుట్టింది రాష్ట్ర చట్టంతో కాక స్థానిక తీర్మానంతో అయితే దాని ఆయువూ అంతే. ఓక్లహోమాలోని బార్ట్ల్స్‌విల్‌లో జరిగింది అదే. రూత్ బ్రౌన్ అక్కడ 1919 నుంచి లైబ్రేరియన్. 1950లో కొందరు పౌరులు ఆమె మీద ఫిర్యాదు తెచ్చారు. ‘ది నేషన్’, ‘ది న్యూ రిపబ్లిక్’, ‘సోవియట్ రష్యా టుడే’ లాంటి దేశద్రోహపు పత్రికలు తెప్పిస్తోందని ఆరోపణ. అసలు మంట వేరు. అంతకు కొంచెం ముందు ఆమె ఇద్దరు నల్లజాతి టీచర్లను వెంటబెట్టుకుని ఊళ్ళో మందుల షాపులోని తిండి కౌంటర్‌కు వెళ్ళింది. తెల్లవాళ్ళకు మాత్రమే వడ్డించే చోటు అది. వాళ్ళకు వడ్డించలేదు. ముగ్గురూ అక్కడే కూర్చున్నారు.

లైబ్రరీ బోర్డు విచారించి, తప్పేమీ కనిపించలేదని ఆమె వైపే నిలబడింది. అప్పుడు ఊరిని పాలించే నగర కమిషన్ ఏం చేసిందంటే, నిబంధన మార్చి బోర్డునే ఇంటికి పంపింది. జూలై 25న బ్రౌన్‌ను తొలగించారు. 30 ఏళ్ళ కొలువు. కోర్టుకు వెళ్ళినా ఫలితం దక్కలేదు.

లానోలో బోర్డుకు ఆ మాత్రం బలం కూడా లేదు. అది సలహా బోర్డు మాత్రమే. పాఠకులు కోర్టుకెళితే 2023లో జిల్లా జడ్జి పుస్తకాలు తిరిగి పెట్టమన్నాడు. 2025 మేలో అప్పీలు కోర్టు పూర్తి ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఏ పుస్తకాలు ఉంచాలో తేల్చుకునే హక్కు లైబ్రరీ నడిపే ప్రభుత్వానిదేనంది. డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. ఇక లైబ్రేరియన్‌కూ కౌంటీకీ మధ్య మిగిలింది ఆ బోర్డు ఒక్కటే.

వయోమింగ్‌లోని క్యాంప్‌బెల్ కౌంటీలో అయితే బోర్డును రద్దు చెయ్యాల్సిన పని కూడా పడలేదు. ఖాళీ అయిన సీట్లలో కమిషనర్లు కొత్తవాళ్ళను వేస్తూ పోయారు. 2021లో పుస్తకాల గొడవ మొదలైనప్పుడు లైబ్రరీ డైరెక్టర్‌కు అండగా ఉన్న బోర్డే, 2023 జూలై నాటికి మనుషులు మారి, ఆమెను తీసేసింది.